సున్నా ధర వేసిన మనుషులు

మంగళవారం, స్కార్‌బరో

డేటా అనలిటిక్స్ అసైన్‌మెంట్‌కి ఫుల్ మార్కులు వచ్చాయి. నాకు మాత్రం అన్నం సయించలేదు.

క్లాసులో ఇచ్చిన ఫైలు, పాతకాలంలో జమైకాలో ఒక చెరుకు తోట యజమాని రాయించుకున్న బానిసల జాబితా. పేరు, వయసు, ధర. సగటు ధర ఎంతో తేల్చమన్నారు. పందొమ్మిది వరుసల్లో ధర దగ్గర సున్నా ఉంది. సున్నా అంటే వివరం దొరకలేదని లెక్క, అలాంటివి ముందే తీసేయాలని మొదటి వారమే నేర్పారు. ఒక్క క్లిక్‌తో తీసేశాను. పేర్లు చదవనేలేదు.

ఇవాళ క్లాసులో పక్కన కూర్చునే డెనీస్, తనూ అదే ఫైలు చేసింది, నా స్క్రీన్ మీది జాబితా చూసి, "ఇందులో ఫీబీ ఏది?" అని అడిగింది. వాళ్లమ్మమ్మది జమైకానే. "అవి ఖాళీలు కావు. ముసలివాళ్లు, చూపు పోయినవాళ్లు. అమ్మినా ఏమీ రాదని వేసిన ధర అది," అంది. కనీసం కోప్పడినా బాగుండేది.

ఆ వరుసలు మళ్లీ చేరుస్తానని ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టాను. సబ్మిషన్ క్లోజ్ అయిందట. పైగా సున్నాలు కలిపితే సగటు పడిపోతుందట!

"మార్కులొచ్చినయ్ గదనే, ఇంకేం గావాలె నీకు?" అంది రూమ్మేట్ స్రవంతి.

ఏం కావాలో నాకూ తెలియదు. నా మీద నాకే ఒళ్లు మండుతోంది. తీసేసిన పేర్లు కనీసం ఈ డైరీలోనైనా రాద్దామని పాత ఫైలు తెరిచాను.

ఫీబీ, డెబ్బై ఏళ్లు.

ఆ కింది సున్నా వరుసలో పేరు లేదు. పసిబిడ్డ, నాలుగు రోజులు అని మాత్రం ఉంది. ఏమని రాయను?