తొక్కి చూడని పదకొండు సైకిళ్లు

ఇంట్లో బుల్లి అనీ, వీధిలో సైకిళ్ల పిల్ల అనీ పిలవబడే నేను, ఇరవై ఆరేళ్లదాన్ని, భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, నాలుగు ఉద్యోగాల్లో చేరి నాలుగూ మానేసినదాన్ని, ఆసుపత్రి మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద కూర్చుని నా స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి నా దగ్గరే ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు. గురువారం నా గుండె వాల్వుకు ఆపరేషన్. బతుకుతానా అని అడిగితే డాక్టరుగారు ముందు కళ్లజోడు తుడుచుకుని, ఆ తర్వాత జవాబు చెప్పారు. సైకిల్ ట్యూబులో వాల్వు పోతే క్షణంలో మార్చేదాన్ని. ఇది నా చేతిలో పని కాదు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత బడిలో పాఠాలు చెప్పే మా వదినది. చదివేవాళ్లు ఆశ్చర్యపోవచ్చు. రెండేళ్లుగా మేమిద్దరం ఉప్పు కావాలన్నా నా మేనకోడలి చేత అడిగించుకుంటున్నాం. నేను నాలుగో ఉద్యోగం మానేసిన రోజు, భోజనాల దగ్గర, అందరి ముందూ, "మీ చెల్లెలికి మొదలుపెట్టడమే తెలుసు, పూర్తి చెయ్యడం తెలీదు" అన్నావు వదినా. ఆ మాట నేను మరిచిపోలేదు, క్షమించనూ లేదు. అయినా నిన్నే ఎంచుకున్నాను. మూతబడిన ప్రెస్సు వెనక షెడ్డును సైకిళ్లు బాగుచేసుకోవడానికి మాకు వాడుకోనిచ్చినప్పుడు, ఆ ఒప్పందం ఆరు పేజీలూ అక్షరం వదలకుండా చదివి, యజమానిని ఎండలో నిలబెట్టి, ఆ తర్వాతే సంతకం పెట్టావు. చదవకుండా సంతకం పెట్టని మనిషి మా ఇంట్లో నువ్వొక్కదానివే. నేను కాదు. ఎందుకో మూడో అంశంలో ఉంది.

2. షెడ్డులోని పానాలు, గాలి పంపు, చక్రం వంకర తీసే స్టాండు, నాలుగు డబ్బాల నట్లు బోల్టులు, ఎత్తు తక్కువ స్టూలు, వీటన్నిటి మీదా సర్వహక్కులూ షెడ్డులో నాకు పని నేర్పిన బ్రేకుల తాతవి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని తెలియక మొదటిరోజే నేనొక పెడల్ పాడుచేస్తే, "కాలేజీలో ఇది చెప్పలేదా తల్లీ? మరి అన్నేళ్లు ఏం చేశావ్?" అని అడిగినవాడు. మెట్ల కింద తుప్పు పట్టినవీ, బాల్కనీల్లో పూలకుండీలు మోస్తున్నవీ, జనం వదిలించుకోవాలని ఇచ్చే సైకిళ్లను బాగుచేసి, నడిచి నడిచి అరిగిపోతున్న మనుషులకు ఇవ్వడం మా పని. ఈ మూడేళ్లలో రెండువందల ఆరు ఇచ్చాం.

షెడ్డులో తాత పెట్టిన నియమం ఒకటే. బాగుచేసిన చెయ్యి ఒకటి, తొక్కి చూసే కాళ్లు వేరొకరివి. తన పనిని తాను నమ్మేస్తాడట మనిషి. అందుకని తాత బిగించిన ప్రతి బండినీ షెడ్డు గుమ్మం నుంచి పోస్టుపెట్టె దాకా ఉన్న వాలులో నేను వదలాలి. తెల్లగీత దగ్గర ముందు బ్రేకు ఒక్కటే నొక్కాలి. మళ్లీ ఎక్కి వచ్చి, మళ్లీ దిగి, ఈసారి వెనక బ్రేకు. అప్పుడే హ్యాండిల్‌కు అట్టముక్క కట్టి, "తొక్కి చూశాను" అని రాసి కింద సంతకం పెట్టాలి. ఆ అట్టముక్క లేకుండా ఏ బండీ గుమ్మం దాటలేదు.

3. ఈ అంశం నా తదనంతరం కాదు, ఇప్పుడే, ఈ కాగితం మీద సిరా ఆరకముందే అమల్లోకి వస్తుంది. వీలునామాలో అలా కుదరదని ప్లీడరు గుమస్తాగారు మూడుసార్లు చెప్పారు. "పోయాక చదివేదమ్మా ఇది! ఉండగానే జరగాలంటే వేరే కాగితం రాసుకోవాలి." వేరే కాగితానికి నా దగ్గర రోజులు లేవు.

నాలుగు నెలలుగా నేను ఆ వాలు ఎక్కలేకపోతున్నాను. సగం దాకా వచ్చేసరికి ఊపిరి అందదు, కళ్ల ముందు చుక్కలు. ఆ మాట ఇంట్లో చెబితే షెడ్డు ముఖం చూడనివ్వరు. జీవితంలో నేను మానకుండా చేసింది ఆ ఒక్క పనే. అందుకని తాత లోపల ఉన్నప్పుడు సైకిల్‌ను పక్కవీధిలోకి నడిపించుకుపోయి, కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, నడిపించుకునే తిరిగి వచ్చి, అట్టముక్క మీద రాశాను. తొక్కి చూశాను. సంతకం. పదకొండుసార్లు.

పదకొండో బండి ఒక ఆఫీసులో గదులు ఊడ్చే అక్కకు వెళ్లింది. వారం తిరక్కుండానే వంతెన దిగువలో ముందు బ్రేకు తీగ బోల్టులోంచి జారిపోయి, ఆమె గోడను గుద్దుకుంది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని, వంకరపోయిన బండిని ఒంటిచేత్తో తోసుకుంటూ షెడ్డుకు వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. "నన్ను క్షమించమ్మా, నీ బండి పాడుచేశాను. నాకే సరిగా తొక్కడం రాలేదు. నువ్వు చూసి సంతకం పెట్టిన బండి, దాని తప్పెందుకవుతుంది?" అంది. ఆ అట్టముక్కను పారెయ్యకుండా జాకెట్టులో దాచుకుంది. తీసి చూపించింది.

నేను మంచినీళ్లిచ్చాను.

మర్నాటి నుంచి ఆటోలో తిరిగి, మిగతా పదిమందిలో నలుగురి ఇళ్లకు వెళ్లాను. గట్టిగా నొక్కితే రెండు బళ్ల ముందు తీగ జారింది. బిగించి వచ్చాను. ఐదో ఇంటి మెట్ల మీద పడిపోయాను. లేచేసరికి ఈ మంచం మీద ఉన్నాను.

ఇంకా ఆరు బయట తిరుగుతున్నాయి. వదినా, ఆకుపచ్చ అట్ట రిజిస్టరు షెడ్డులో తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. ఆరు పేర్ల పక్కన పెన్సిల్ చుక్క పెట్టాను. ఇద్దరికి ఫోను లేదు. అన్నిటికంటే ముందు పాలకేంద్రంలో పనిచేసే ఆవిడ దగ్గరికి వెళ్లు. ఆవిడ రోజూ కొండ దిగుతుంది, వెనక కూతుర్ని కూర్చోబెట్టుకుని. ఇది రాస్తుంటే నాకు ఆ క్యారియరే కనిపిస్తోంది. ఇక్కడ పడుకుని కిటికీలోంచి ఏ సైకిల్ బెల్లు విన్నా లేచి కూర్చుంటున్నాను. ఏం చెబుతావో నీ ఇష్టం. నా పేరే చెప్పు. అబద్ధం రాసిందని చెప్పు.

బోల్టు బిగించింది తాత వేళ్లే, నిజమే, వాటికి పట్టు తగ్గింది. అలాంటివి పట్టుకోవడానికే కదా నేను ఉన్నది. తాతను ఒక్క మాట అన్నవాళ్లకు నా ఆస్తిలో స్క్రూ కూడా చెందదు.

4. అన్నయ్యకు అట్టముక్కలు కోసే కత్తెర, నల్లపెన్ను ఇస్తున్నాను. "షెడ్డు నిండా ఉన్నది ఇనుమే కదే, తూకానికి వేసేస్తే ఇల్లు సర్దుకుంటుంది" అన్నావు. ఇంకా బాగుచెయ్యాల్సిన ఇరవైమూడు బళ్లలో ఒక్కటి తూకానికి వెళ్లినా నేను పోయినదాన్ని తిరిగి వస్తాను. ఇకమీదట తొక్కి చూసేది నువ్వే. ఆ ఆరింటినీ కూడా, రేపటి నుంచే. నీ బరువుకు ఆగిన బ్రేకు ఎవరికైనా ఆగుతుంది. నవ్వకు. గీత దగ్గర ముందు బ్రేకు ఒక్కటే, గుర్తుందిగా.

5. అమ్మకు నా గోళ్లు రుద్దే బ్రష్షు. అది నీదే, తిరిగి ఇస్తున్నాను. "ఏమే, చేతులు ఇంత తెల్లగా ఉన్నాయి?" అని అంటురోగం ఏదో పట్టుకున్నట్టు వేళ్లన్నీ తిప్పి చూశావు నాలుగు నెలల కింద. షెడ్డులో పని తగ్గిందన్నాను. నువ్వు ఇంకేం అడగలేదు, కానీ ఆ రాత్రి అన్నంలో నెయ్యి ఎక్కువ వేశావు. నీకు తెలిసిపోయిందనుకున్నాను. ఎందుకు అడగలేదమ్మా? అడిగితే చెప్పేసేదాన్నేమో.

6. మేనకోడలికి ఎర్ర బెల్లు. ఇంట్లో మోగించకూడదన్న షరతు ఏమీ లేదు. వదినకు ఇది నా చివరి కానుకగా భావించవచ్చు.

7. నా సొంత సైకిల్, బండి కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో మొదటి పేరుకు, అంటే ఇంటింటికీ నడిచి ముసలివాళ్లకు సూదులు వేసే నర్సుకు చెందుతుంది. దానికి అట్టముక్క కట్టలేదు. అన్నయ్య తొక్కి చూసేదాకా ఇవ్వకూడదు. నాదే కదా, బాగానే ఉంటుంది అనుకోకూడదు.

8. చెయ్యి విరిగిన అక్కకు ఏమీ రాయలేదు. సాక్షి సంతకం పెట్టేవాళ్లకు ఆస్తి రాయకూడదట. ఆమెనే సాక్షిగా రమ్మన్నాను. గుమస్తాగారు ఈ కాగితమంతా ఆమెకు వినిపించాలి, మూడో అంశం రెండుసార్లు. అది విన్నాక లేచి వెళ్లిపోతే ఆపవద్దు. ఈ వీలునామా చెల్లకపోయినా సరే.

పైన రాసిందంతా నేనే రాశాను, రాసింది మళ్లీ చదివాను. నాలుగు నెలల్లో నేను పెట్టిన సంతకాల్లో నిజమైనది ఇదొక్కటే.

ఫిబ్రవరి పదకొండో తేదీ, ఆదివారం, ఉదయం.

(సంతకం) బుల్లి

అమలుదారు: మొత్తం చదివాను. రేపటికీ ఎల్లుండికీ బడికి సెలవు పెట్టాను. పాలకేంద్రానికి ఇప్పుడే బయల్దేరుతున్నాం, మీ అన్నయ్య కిందికి దిగిపోయారు. ఆ రోజు నేనన్న మాట సంగతి నువ్వు ఇంటికి వచ్చాక తేల్చుకుందాం. — వదిన

మొదటి సాక్షి: నా సమక్షంలో సంతకం చేశారు. మూడో అంశం చట్టప్రకారం చెల్లదని మరోసారి తెలియజేశాను. — గుమస్తా

రెండో సాక్షి: నాకు రెండుసార్లు చదివి వినిపించారు. కుడిచెయ్యి కట్టులో ఉంది, ఎడమచేత్తో రాస్తున్నాను, వంకరగా ఉంటుంది. అట్టముక్క ఈ కాగితానికే గుచ్చి తిరిగి ఇచ్చేస్తున్నాను. నా బండి బాగుచేయించి పెట్టండి. నువ్వే తొక్కి చూసి ఇవ్వాలి. అప్పటిదాకా నడుస్తాను. — ఊడ్చే అక్క