ఇంట్లో పాలు, బజార్లో డబ్బా

6 జనవరి 1974, తాండూరు

మా ఇంట్లో మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు. రాత మాత్రం నాకు తెలుగే వచ్చు, మర్పల్లి బడి పుణ్యం. ఇంట్లో ఇంకెవరికీ తెలుగు చదవడం రాదు. ఇందులో ఎవర్ని ఎంత తిట్టినా ఫికర్ లేదు.

నాకు ఏడో నెల. మా ఆయన తాజ్ మొహమ్మద్‌కు స్టేషన్ రోడ్డులో జనరల్ స్టోర్స్. సబ్బులు, దువ్వెనలు, గ్రైప్ వాటర్, పాలడబ్బాలు. ఆడవాళ్ళు ఆయన్ను అడగలేక వెనక తలుపు దగ్గరికొచ్చి నన్నడుగుతారు. కడుపుతో ఉంటే ఏం కొనాలి, బాలెంతకు ఏం కావాలి అని. ఇవాళ ఒకామె బిడ్డ తెల్లగా పుట్టాలని కుంకుమపువ్వు అడిగింది. నువ్వూ నీ పెనిమిటీ ఇద్దరూ నాలాగే నల్లగా ఉన్నారు, కుంకుమపువ్వు పాపం ఏం చేస్తుంది, ఆ పైసలతో ఖర్జూరాలు తిను అన్నాను. తలుపు వేశాక మా ఆయన, నువ్విట్లనే చెప్తే మన దుకాణం మూసుకునుడే అన్నాడు.

20 జనవరి

ఆడబిడ్డ రజియా కాన్పుకు వచ్చింది. మొదటి కాన్పు. ఆమె భర్త చాంద్‌పాషాది వికారాబాద్ స్టేషన్‌లో నౌకరీ. ట్రంకు పెట్టె నిండా సామాను తెచ్చింది. పడవలా ఉన్న గాజు పాలసీసా, దానికి నాలుగు రబ్బరు నిపుల్స్, రబ్బరు షీటు, పౌడరు, గిలక్కాయలు మూడు. మెత్తటి గుడ్డ ఒక్కటి లేదు. పాత లుంగీలు చించి ఉతికి పెట్టుకో, ముందు హుక్కులుండే జాకెట్లు రెండు కుట్టించుకో, మిగతావన్నీ తర్వాత అన్నాను. నీయి అన్నీ పాతకాలం ముచ్చట్లు భాబీ అంది.

రాత్రి భోజనాల దగ్గర అత్తమ్మ ప్రకటించింది. ఒకరికి ఆడపిల్ల, ఒకరికి మగపిల్లోడు పుట్టాలె, ఇద్దర్ని ఇంట్లనే ముడేస్త అని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నాను. చూలు ఉంది కదనే, రెండున్నయ్ అంది. రజియా మస్తు నవ్వింది. తర్వాత అత్తమ్మ నెమ్మదిగా అన్నది నవ్వులాట కాదు. నేను పోయినంక నా బిడ్డకు ఈ గడప ఉండాలె, ఉత్త ఆడబిడ్డను ఎవరు పిలుస్తరు, వియ్యపురాలైతే పిలువక తప్పది.

3 ఫిబ్రవరి

హైదరాబాద్ నుంచి పాలడబ్బా కంపెనీ మనిషి వచ్చాడు. బూరెబుగ్గల పిల్లాడి బొమ్మున్న క్యాలెండర్, ఒక శాంపిల్ డబ్బా ఇచ్చాడు. డాక్టర్ల భార్యలు కూడా ఇదే వాడుతున్నారట. మీ ఇంట్లో పిల్లలకు ఇదేనా అని పరదా వెనక నుంచి అడిగించాను. పెళ్ళి కాలేదట.

18 ఫిబ్రవరి

రెండు బలపాలు తిన్నాను. ఐరన్ గోలీ కూడా వేసుకున్నాను. లెక్క సరి.

4 మార్చి

గుడ్డలు వెతుకుతుంటే పెట్టె అడుగున పంపు దొరికింది. గాజు గిన్నె, వెనక సైకిల్ హారన్‌కు ఉన్నట్టు రబ్బరు బుడ్డి. పాలు పిండే పంపు. మూడేళ్ళ కింద మొదటి బాబు పుట్టాడు, ఊపిరి తీయలేదు. మూడో రోజు పాలొచ్చాయి. బిడ్డ లేడని వాటికెవరు చెప్తారు? జ్వరం, గడ్డలు. మా ఆయన హైదరాబాద్ పోయి ఇది తెచ్చాడు. పిండి నిమ్మచెట్టు మొదట్లో పోసేదాన్ని, తొక్కే చోట పోయొద్దని అత్తమ్మ చెప్తే.

ఈ ఇంట్లోకి వచ్చిన వస్తువుల్లో దీన్ని మించిన పనికిమాలినది లేదు. పారేద్దామని తీశాను. మళ్ళీ అక్కడే పెట్టాను.

25 మార్చి

ఆడపిల్ల. ఏడ్చింది. బాగా ఏడ్చింది.

27 మార్చి

ఇప్పుడు కూర్చోగలుగుతున్నాను. రాయాలి, లేకపోతే కడుపుబ్బుతుంది.

మాయ పడేసే మట్టి పెంకును ఠీక్రా అంటారు. మంత్రసాని దాన్ని బయటికి తీసుకుపోయేలోగా ఎవరైనా అందులో రూపాయి వేస్తే, పుట్టిన ఆడపిల్ల వాళ్ళ కొడుక్కు ఖాయమైనట్టే. పెద్దయ్యాక కాదంటే మాట తప్పినట్టు. మంత్రసాని మొగులమ్మ పెంకు పట్టుకుని లేస్తుంటే అత్తమ్మ జర ఆగు అంది. నిజాం కాలపు వెండి రూపాయి తీసి రజియా కడుపులో ఉన్నవాడి పేరున వేసింది. తర్వాత కడిగి, గుడ్డలో ముడివేసి, ఉయ్యాల తాడుకు కట్టింది.

నన్ను అడగలేదు. నా బిడ్డకు అప్పటికి బొడ్డు కూడా సరిగ్గా ముడిపడలేదు. నేను నోరు మూసుకున్నాను. తెరిస్తే ఏమొస్తుందో నాకే భయం.

ఇంకో తగాదా మాత్రం నేనే గెలిచాను. ముర్రుపాలు పిండి పారబోయమన్నారు. ఈసారి చుక్క కూడా పారబోయను అని జైబున్‌కు పట్టేశాను. జైబున్నీసా అని పేరు పెట్టాం.

16 ఏప్రిల్

రజియాకు కొడుకు. అజమత్. అత్తమ్మ కాళ్ళు నేలమీద ఆగడం లేదు. రజియా ముర్రుపాలు పారబోయించింది. మూడు రోజులు తేనెనీళ్ళట. నేను చెప్పాను. వినలేదు.

30 ఏప్రిల్

రజియాకు రొమ్ము మీద గడ్డ లేచింది, రెండో వైపూ గట్టిపడింది. సర్కారు దవాఖానలో కోశారు. జ్వరంలో పడి ఉంది. పాలు ఎండిపోయాయి. శాంపిల్ డబ్బా విప్పారు.

తుమ్మబంకతో చేసే గోంద్ లడ్డూ, మెంతి గంజి, వెల్లుల్లి కారం అన్నీ పెట్టాం. తిన్నదంతా జ్వరానికే పోతోంది. పాలసీసా నేనే కడుగుతున్నాను. రెండు చివర్లా రంధ్రం కదా, ఈ పక్క కడిగితే ఆ పక్క జిడ్డు. రబ్బరు రెండు రోజులకే వాసన వచ్చింది. రోజూ మరగబెట్టాలి అన్నాను. రబ్బరు కరిగిపోతదని అత్తమ్మ వేడినీళ్ళలో ముంచి తీస్తోంది.

9 మే

నిన్నటి నుంచి రైళ్ళు లేవు. దేశమంతా రైల్వే సమ్మె. చాంద్‌పాషా కోట్‌పల్లి వైపు చుట్టాలింట్లో దాక్కున్నాడట, పోలీసులు దొరికినవాళ్ళను దొరికినట్టు పట్టుకుపోతున్నారు. మా దుకాణంలో డబ్బాలు అయిపోయాక వికారాబాద్ నుంచి తెచ్చేది అతనే. మా దుకాణానికి సరుకొచ్చేదీ రైల్లోనే. అలమరలో క్యాలెండర్ పిల్లాడు ఒక్కడే నవ్వుతున్నాడు.

12 మే

మిగిలిన డబ్బాను సాగదీయడానికి పల్చగా కలుపుతున్నారు. పల్చగుంటెనే అరుగుతది అంటుంది అత్తమ్మ. పిల్లాడు తాగుతాడు, కక్కుతాడు, విరేచనాలు. గ్రైప్ వాటర్ అయిపోయింది. ఎండ ఎంతుందంటే అరుగు బండల మీద కాలు పెట్టలేం.

మేకలు పెంచే భాగమ్మ ఇంటి నుంచి మేకపాలు తెచ్చారు. అదీ కక్కాడు. గనిలో పనిచేసే భీమమ్మకు పాలున్నాయని అడగబోయారు. పొద్దంత బండలు మోస్తె నా పోరికే సాలుతలేవమ్మా అందట. పాపం, నిజమే.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది. అందరికీ తెలుసు. అజమత్ గుక్కపట్టి ఏడిస్తే పక్కగదిలో నా జాకెట్ తడిసిపోతుంది. పిండి నిమ్మచెట్టుకు పోస్తున్నాను. అత్తమ్మ చూస్తుంది, మొహం తిప్పుకుంటుంది. మాలో ఒకే తల్లి పాలు తాగినవాళ్ళు తోబుట్టువులే, నా పాలు తాగితే వాడు జైబున్‌కు తమ్ముడవుతాడు. తోబుట్టువులకు నికా లేదు.

14 మే

బయటికే అన్నాను. వాడికి నేను పాలు పడతాను అని. అత్తమ్మ వినబడనట్టు బియ్యం చెరుగుతూ కూర్చుంది. రజియా మంచంలో గోడవైపు తిరిగింది.

మా ఆయనకు ఉపాయం తట్టింది. పంపుతో పిండి చెంచాతో పోస్తే? రొమ్ము పట్టలేదు కదా. మసీదుకు పోయి ఇమామ్ సాబ్‌ను అడిగొచ్చాడు. చెంచాతోనన్నా గిన్నెతోనన్నా, పొట్టలకు పోతె పోయినట్టే, గుక్కెడు చాలు అన్నారట. మరి మేకపాలు తాగాడు కదా అని మా ఆయన అడిగాడట. మేకపిల్లను నికా చేస్కోకుంటె సరి అన్నారట. ఆ ముచ్చట చెప్పి నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం నవ్వొచ్చింది, చెంగు అడ్డం పెట్టుకున్నాను.

17 మే

అడగకుండా పట్టొచ్చు. అందరూ పడుకున్నాక ఒక్క నిమిషం పని. చేయను. వాడికి తల్లి బతికే ఉంది.

19 మే, సాయంత్రం

పొద్దున రిక్షాలో దవాఖానకు పోయాం. డాక్టరు పిల్లాడి కడుపు మీద చర్మం పట్టి వదిలాడు. ముడత అలాగే నిలబడింది. నడినెత్తిన మాడు గుంటపడింది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పోయమన్నాడు. సీసా తీసి పారేయండి, ఎవరైనా ఆడమనిషి పాలు దొరకకుంటే రెండు రోజులు కూడా కష్టం అన్నాడు. నా ఒళ్ళో జైబున్‌ను చూసి, నీ బిడ్డకు నీ పాలేనా అమ్మా అని అడిగాడు. అత్తమ్మ పిల్లాడిని గుడ్డలో చుట్టుకుని బయటికి నడిచింది, రజియా, నేను వెనకే రిక్షా ఎక్కాం.

ఇంటికొచ్చేసరికి నాకు ఒక సంగతి తట్టింది. పొద్దుటి నుంచి నా జాకెట్ తడవలేదు. వాడు ఏడవడం లేదు. ఏడ్చే బలం లేదు.

నట్టింట్లో కూర్చుని రజియాతో అన్నాను. నీ కొడుకు, నీ మాట. నువ్వు ఊ అంటేనే ముట్టుకుంటాను. రజియా భగ్గుమంది. నీకేం భాబీ, నీ బిడ్డ విడిపించుకపోతది, గందుకే గింత ఆత్రం అంది. అవును అన్నాను. ఆ రూపాయి పడ్డనాటి నుంచి నా బిడ్డను విడిపించుకోవాలనే ఉంది. నీ కొడుకు బతకాలనీ ఉంది. రెండూ నిజమే, దేన్ని ఒట్టేసి కాదనమంటావు?

రజియా తలమీద కొట్టుకుని ఏడ్చింది. నా పాలు ఎండె, ఇగ నా పుట్టిల్లు గూడ ఎండిపోవాల్నా అంది.

అత్తమ్మ లేచింది. గోడ పట్టుకుని ఉయ్యాల దగ్గరికి పోయింది. తాడుకున్న ముడి విప్పబోయింది, రాలేదు. పళ్ళతో లాగింది. రూపాయి కింద బండ మీద పడింది. వంగి తీసుకుని తన తమలపాకుల పాన్‌దాన్‌లో వేసి మూత పెట్టింది. రజియాతో అంది: పైస నాది, పోరడు నీవాడు. నా పైస నేను తీస్కున్న. ఇగ నీ ఇష్టం బిడ్డా.

రజియా కొడుకును ఎత్తుకుంది. తర్వాత నా ఒళ్ళో పెట్టింది. పెట్టి చేయి తీయలేదు.

సీసా అలవాటైనవాడు, చప్పరించే ఓపిక లేదు. నోట్లో పెడితే అలాగే ఉండిపోయాడు. అప్పుడు పెట్టెలో నుంచి ఆ దిక్కుమాలిన పంపు తెప్పించాను. మరగబెట్టిన నీళ్ళలో వేసి తీసి, పిండి, చెంచాతో బుగ్గలోకి పోశాను. మొదటి చెంచా పక్కనుంచి కారిపోయింది. రెండోది మింగాడు.

20 మే

ఉచ్చ పోశాడు. అత్తమ్మ వీధి వీధంతా చెప్పి వచ్చింది.

23 మే

ఇవాళ తానే పట్టి తాగాడు. కొరుకుతున్నాడు కూడా, పళ్ళు లేకుండానే. ఇటు జైబున్, అటు అజమత్. నేను ఆవునయ్యాను. గోంద్ లడ్డూలన్నీ ఇప్పుడు నాకే. అత్తమ్మ మాట్లాడదు, లడ్డూ మాత్రం కంచంలో పెట్టి పోతుంది.

2 జూన్

రైళ్ళు నడుస్తున్నాయి. చాంద్‌పాషా రెండు డబ్బాలు పట్టుకుని వచ్చాడు, గడ్డం పెరిగి గుర్తుపట్టరాకుండా ఉన్నాడు. సంగతి విని డబ్బాలు దుకాణంలో పెట్టి కొడుకును ఎత్తుకుని ఏడ్చాడు. అత్తమ్మ మాత్రం, ఇంకో కొడుకును కను రజియా, వాడు ఈ పాలు తాగలేదు కద, జైబున్‌ను వాడికిస్త అంది. నోరు తిరిగొచ్చింది. మంచిదే.

10 నవంబరు

రజియా వికారాబాద్ పోయింది. అజమత్‌కు ఏడో నెల, గంజి, పప్పునీళ్ళు తింటున్నాడు. ట్రంకులో సీసా పెట్టబోతే తీసేసి చెంచా, గిన్నె పెట్టుకుంది. పాత లుంగీ గుడ్డలన్నీ మూటకట్టుకుంది. రిక్షా ఎక్కుతూ, మల్ల ఏ మొఖం పెట్టుకొని రావాలె భాబీ అంది. నాకు కోపం వచ్చింది. ఈ మొఖమే పెట్టుకొని రా అన్నాను.

సాయంత్రం వెనక తలుపు దగ్గరికి ఒకామె వచ్చి పాలసీసాల్లో ఏది మంచిది అని అడిగింది. నీకు పాలున్నాయా అని అడిగాను. ఉన్నయ్ అంది. పో ఇంటికి అన్నాను.

ఇల్లు బోసిగా ఉంది. వాడి వంతు పాలు నిమ్మచెట్టుకు పోశాను.

22 జూన్ 1986

జైబున్ పెద్దమనిషి అయింది. అత్తమ్మకు చూపు మందగించింది, గొంతు తగ్గలేదు. చుట్టాల మగపిల్లలెవరూ పరదా దాటొద్దని పొద్దుటి నుంచి ఒకటే అరుపు. రజియాకు అజమత్ తర్వాత ముగ్గురూ ఆడపిల్లలే. నలుగురినీ వెంటబెట్టుకుని మధ్యాహ్నం ప్యాసింజర్‌కు వచ్చింది. అజమత్ చెప్పులు విడిచి అరుగు మీదే నిలబడ్డాడు.

గడప కాడ ఎవడ్రా అని అత్తమ్మ అరిచింది. నేనే నానీ అన్నాడు. నీకు పరదా ఏందిరా, నీ అక్క ఇల్లు, నీ అమ్మ ఇల్లు, లోపలికి దా అంది.

వాడు పరదా తోసుకుని నేరుగా వంటింట్లోకి వచ్చి ఆకలి అన్నాడు. రజియా అరుగు మీదే ఆగిపోయి చెంగు నోట్లో కుక్కుకుంది. నేను వాడికి కంచం పెట్టాను.