మీ మరిదిని ఆదివారం పంపించు

పద్మక్కకు,

నీ చెల్లె సరిత దండాలు. నువ్వు, బావ, పిల్లలు, మీ అత్తమ్మ అంతా బాగున్నారనుకుంటాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? మా శ్రావణికి ఈ వారం జ్వరం రాలేదు. ఇప్పుడు మాకు క్షేమమంటే అదే.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. ఈ ఒక్క గదిలో శ్రావణి నా పక్కనే ఉంటుంది, ప్రతి మాటా వింటుంది. ఏడేళ్ళ పిల్ల వినకూడని మాటలు నీకు చెప్పాలి. ఇప్పుడు మధ్యాహ్నం మందు వేసుకుని పడుకుంది.

హైదరాబాద్‌లో చలి బాగానే ఉంది. నీళ్ళు కాచి చల్లార్చడం, గిన్నెలు వేడినీళ్ళతో కడగడం, దవాఖానకు తిప్పడం, పొద్దంతా ఇదే పని. ఇక్కడి పిండితో జొన్నరొట్టె విరిగిపోతోంది, అన్నమే తింటున్నాను. నా గురించి ఫికర్ చేయకు. పక్క గదిలో బీదర్ ఆమె ఉండేది, మాట్లాడుకునేవాళ్ళం. వాళ్ళ బాబుకు నయమై, మందుల కోర్సు పూర్తయి ఊరికి వెళ్ళిపోయారు. పోతూ నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదక్కా, కడుపు మండింది. మొన్న వీడియోలో నీ బిడ్డ రెండు జడలకు రిబ్బన్లు కట్టించుకుంటుంటే, మందులకు జుట్టంతా ఊడిన మా శ్రావణి తల చూసి, నెట్ పోయిందని ఫోన్ పెట్టేశాను. నెట్ పోలేదు. ఏమనుకోకు.

అసలు మంట మా ఆయన మీద, అదే మీ మరిది మీద. వారమంతా ఆయన జహీరాబాద్‌లో కంపెనీకి పోతాడు, ఆదివారం పొద్దున బస్సెక్కి వస్తాడు. రంగు రంగుల బుగ్గలు తెచ్చి ఊది ఎగరేస్తాడు, కోతి చేష్టలు చేస్తాడు, సాయంత్రం వెళ్ళిపోతాడు. చేదు మందు పట్టేది నేను. సూది వేసేటప్పుడు చేతులు పట్టుకునేది నేను. నేను దగ్గరికి వస్తే చాలు, పిల్ల చేతులు దుప్పట్లో దాచుకుంటుంది. ఆయన వస్తే అదే చేతులతో మెడకు చుట్టుకుంటుంది. చూసి ఎట్లా ఓర్చుకోమంటావు?

ఎల్లమాస పండుగకు మీరంతా కోహీర్ చేనుకు వెళ్ళారు కదా. చిక్కుడు, కంది కలిపి వండి చేను చుట్టూ చల్లగా మిగిలిన బజ్జి కూర, సజ్జరొట్టె మరునాడు డబ్బాలో పెట్టుకుని వచ్చాడు. అప్పుడు శ్రావణికి రక్తంలో కౌంట్ బాగా తక్కువ. అప్పటికప్పుడు వండిన వేడిది తప్ప ఏదీ పెట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆయనకూ తెలుసు.

"జర ఒక్క బుక్క తిననీయే. మన చేన్ల బజ్జి, ఏమైతది?" అన్నాడు.

నేను ఎంత బతిమాలినా తెరవని నోరు, ఆయన ముద్ద కలపగానే తెరిచింది. డబ్బా లాక్కుని చెత్తబుట్టలో గుమ్మరించాను.

"చేన్ల దేవునికి వెట్టింది చెత్తల ఏస్తవా? నీకు మతి ఉన్నదా?" అని అరిచాడు.

"నువ్వు పో. నాకు నాన్న ఉంటడు" అంది శ్రావణి.

కౌంట్ తక్కువని లాక్కున్న మాట నిజం. ఆయన చేతికి నోరు తెరిచిందని లాక్కున్న మాటా నిజమే.

"మంచిది. రేపు వెన్నుల సూది ఉన్నది. నువ్వే ఉండి పట్టుకో" అన్నాను.

లోపలికి ఒక్కరినే పంపిస్తారు. పిల్లను ముడుచుకుని పడుకోబెట్టి, కదలకుండా అదిమి పట్టుకోవాలి. ఆయన ఎప్పుడూ చూడలేదు. ఈసారి ఆయన లోపలికి పోయాడు, నేను బయట బెంచీ మీద కూర్చుంటే దాని కేక వినిపించింది. బయటికి వచ్చేసరికి ఆయన మెడ మీద గోళ్ళ గీతలు. శ్రావణి ఆయన వైపు చూడనే లేదు, నా ఒళ్ళోకి దూరింది.

"అమ్మా, నాన్న నన్ను గట్టిగ వట్టిండు" అంది.

గదికి వచ్చాక కిచిడీ అడిగింది. నా చేతితో తింది. ఒక్కో ముద్ద పెడుతూ ఆయన మొహం చూశాను. గెలిచాను అక్కా. ఎంత హాయిగా అనిపించిందో నీకు చెప్పలేను. ఆయన ఖాళీ డబ్బాను నల్లా కింద కడిగిందే కడిగాడు, చాయ్ కూడా తాగకుండా బస్సుకు వెళ్ళాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. డ్యూటీ ఉందన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే, "నన్ను జూస్తె బిడ్డ భయపడతది. నేనెందుకు వచ్చుడు?" అని ఫోన్ పెట్టేశాడు.

బిడ్డ అదంతా ఎప్పుడో మరిచిపోయింది. బుధవారం మళ్ళీ వెన్నులో సూది వేశారు, పట్టుకున్నది నేను. అప్పటినుంచి నాతో మాట్లాడట్లేదు. "నాన్న వస్తె తింట" అని గోడకు చెప్తుంది. రాస్తుంటే ఇప్పుడు కూడా ఒళ్ళు మండుతోంది. కానీ దానికి వారమంతా ఎదురుచూసుకోవడానికి ఉన్నది ఆ ఒక్క రోజే, అదీ నేనే పోగొట్టాను.

నా మాట వినడు, నీ మాట వింటాడు. నువ్వు మా ఇంటికి పోయి చెప్పు. చిక్కుడుకాయ, పచ్చి కందికాయ, సజ్జపిండి ఇచ్చి పంపు. డాక్టరమ్మను అడిగి నేనే ఇక్కడ వేడిగా వండుతాను, ఆయన తినిపిస్తాడు. సూదికి మాత్రం నేనే పోతాను. ఆయనను ఇక ఎన్నడూ లోపలికి పంపనని చెప్పు.

మీ అత్తమ్మకు, బావకు దండాలు. శ్రావణి తల మీద చెయ్యి పెట్టినట్టే తలుచుకుని దీవించమని పెద్దలందరికీ చెప్పు. పిల్లలకు ముద్దులు.

నీ చెల్లె,
సరిత

ఉత్తరం మడుస్తుంటే శ్రావణి లేచింది, అందుకే మళ్ళీ విప్పి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఏం రాశావని సైగ చేసింది. "మీ నాన్నను పంపుమని పెద్దమ్మకు రాసిన" అన్నాను. బుధవారం తర్వాత మొదటిసారి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు కూడా ఆయనదే అక్కా. తప్పకుండా పంపించు.