బిరడా నా దగ్గరుంది

రస్, పడవని నీళ్లలోకి దించకు. అడుగు కన్నానికి పెట్టే బిరడా నాతో పట్టుకెళ్తున్నాను. చూసుకోకుండా దించి ముంచుకుంటావని ఈ చీటీ స్టీరింగ్‌కే కట్టాను. ఓవెన్‌లో మటన్ కూరిన రొట్టె ఉంది, తిను.

నిన్న బ్రెడ్డు కొట్టు దగ్గర, రేవులో పడవల రేడియో చూసుకునే మార్జ్ కలిసింది. "ఏమే డెల్మా, మీ ఆయన పడవ అమ్మేశాడా? మూడు శనివారాలుగా మా రేడియోలో ఆయన గొంతే వినలేదు" అంది. నువ్వేమో ఏటి మొగ దాటి సముద్రంలోకి వెళ్లే ముందు ప్రతిసారీ రేడియోలో చెప్పే వెళ్తున్నానన్నావు. మార్జ్‌కి చెవుడు లేదు.

ఇంటికొచ్చి నీ లైఫ్ జాకెట్ నాకి చూశాను. టోపీ నిండా ఉప్పుంది, జాకెట్‌కి మాత్రం రవ్వంత ఉప్పు లేదు. కడిగానని చెప్పకు. నువ్వు తాగిన కప్పే కడగవు.

ఎందుకు దాస్తున్నావో నాకు తెలుసు. రేడియోలో చెబితే ఊళ్లో పడవలున్న వాళ్లంతా వింటారు, చేపలు పడే నీ కొత్త చోటుకి రేపే తయారవుతారని నీ భయం. నువ్వు తిరిగి రాని రోజున వెతికేవాళ్లు ఎటు వెళ్లాడని నన్నే అడుగుతారు. నాకూ చెప్పలేదని వాళ్ల ముందు ఎలా అనేది?

నాలుగింటికి వస్తాను. ఊరికి చెప్పకపోతే మానె, ఆ చోటు ఎక్కడో నా చెవిలో చెప్పు. జాకెట్ తొడుక్కో. అప్పుడు బిరడా ఇస్తాను.

డెల్మా

గాలాల పెట్టె అడుగున దాచిన రెండో బిరడా కోసం వెతక్కు. అదీ నా జేబులోనే ఉంది.