తిరగడం మానేసిన చక్రం

సుధక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ మన గుర్గావ్ ఆఫీసులో నీ పంతమే నెగ్గింది. లక్షల ఆర్డర్లున్న తెర మీద తేదీ గడిని నొక్కగానే కొత్తవన్నీ పైకొచ్చేశాయి. "గుండిగంతా విస్తట్లో బోర్లిస్తామటే? డేటాబేసులోనే వరసపెట్టి, తెరకి పట్టినన్నే తెండి" అని పోరేదానివిగా, చివరికి అలాగే చేశాం.

ఇదివరకు నొక్కేసి, మనిద్దరం కిందికెళ్ళి టీ తాగి వచ్చినా తెర మీద 'ఆగండి' అనే ఆ చక్రం తిరుగుతూనే ఉండేది. నువ్వు పోయాక కూడా ఆ వేళకి ఒక్కదాన్నే దిగి, నువ్వు పక్కనున్నట్టే టీ తాగొస్తున్నాను. ఇవాళ కూడా అలవాటుగా నొక్కి, పర్సు తీసుకుని లేచాను.

"అరే, హో గయా. బైఠో," అయిపోయింది, కూర్చోమన్నాడు పక్కసీటు రోహిత్.

కూర్చున్నాను. రోజూ నీతో టీ తాగే ఆ కాస్త వేళనీ లేకుండా చెయ్యడానికేనా అక్కా, అంతలా పోరావు!

నీ లత