బావ సగం మీసం

బావా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం మా అక్క చేతికిచ్చి పంపుతున్నాను. ఇంట్లో కూడా మూతికి తువ్వాలు చుట్టుకుని తిరుగుతున్నావట.

నా సెలూన్ టీవీలో అవార్డుల ఫంక్షన్ చూస్తూ నీకు గడ్డం గీయడం నా తప్పే. కానీ ఉత్తమ నటుడి పేరు చదవబోయే ముందు, నువ్వు "మీ హీరోకి ఏడవడం కూడా రాదు" అంటే నా చెయ్యి ఊరుకుంటుందా? చివరికి అవార్డు మావాడికీ రాలేదు, నీవాడికీ రాలేదు. ఇద్దరం కలిసి ఆ మూడోవాణ్ణి తిట్టుకోవాల్సింది పోయి, సగం మీసంతో లేచి వెళ్లిపోయావు.

ఆదివారం ఆ ఫంక్షన్ మళ్లీ వేస్తారట. రా, మిగతా సగం తీసేస్తాను. ఈసారి ఫలితం తెలుసు కాబట్టి చెయ్యి అదరదు. అయినా ఆ పేరు చదివేటప్పుడు కత్తి పక్కన పెట్టేస్తాను. నా మీద నాకే నమ్మకం లేదు.

నీ బావమరిది