వెనక గేటు మీద వీటో

సర్జాపుర రోడ్డు,
బెంగళూరు.

చిరంజీవి రామ్మూర్తికి అక్క సుభద్ర ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం సోమవారం అందింది. పిన్ని మోకాలి నొప్పి కాస్త తగ్గిందని, మరదలు బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందని చదివి సంతోషించాను. ఇక్కడ నేనూ, శ్రీధరూ, కోడలు లతా కులాసాగానే ఉన్నాం. నా గురించి బెంగ పెట్టుకోవద్దు.

అయితే నువ్వు రెండో పేజీలో రాసింది తప్పు. "మీ అపార్ట్‌మెంటు అధ్యక్షుడు గేటు తీయించనంటే కమిటీ చేత అవిశ్వాసం పెట్టించి దింపేయండి" అన్నావు. జీవితమంతా లెక్కలు చెప్పినవాడివి, పౌరశాస్త్రం నాకు వదిలేయవలసింది. అవిశ్వాసంతో దిగేవాడు ప్రధానమంత్రి. సభలో బలం ఉన్నన్నాళ్లే ఆయన కుర్చీ. అధ్యక్ష పద్ధతిలో అధ్యక్షుణ్ణి సభ ఎన్నుకోదు, జనం వేరుగా ఎన్నుకుంటారు. కాబట్టి సభకు ఎంత కోపం వచ్చినా ఆయన దిగడు, గడువు తీరాలి. మా అపార్ట్‌మెంటుకు ఆ పద్ధతి తెచ్చిపెట్టిన మహానుభావురాలు ఎవరో కాదు, మీ అక్కే.

మొదటినుంచీ చెప్తాను. ఎనిమిదింటికల్లా వీళ్లిద్దరూ వైట్‌ఫీల్డ్ ఆఫీసులకు వెళ్లిపోతారు. ఆ తర్వాత నాలుగో అంతస్తులో నేనూ, ఫ్రిజ్జు చప్పుడూ మిగులుతాం. ఈ నెలంతా ముసురు. బట్టలు ఆరవు. సాంబారులో బెల్లం వేసే ఊరు కాబట్టి బయట తిండి నాకు పడదు. వీటన్నిటికీ అలవాటు పడ్డాను. ఎందుకంటే వెనక గేటు ఉండేది. అది దాటితే మట్టిదారి, ఐదు నిమిషాల్లో బస్టాపు, దాని పక్కన తెలుగు పేపరు దొరికే అంగడి, ఆ అంగడి ముందు నాతో మాట్లాడే నలుగురు మనుషులు. గేటు తెరిచి ఉన్నన్నాళ్లూ ఈ ఊళ్లో ఎక్కడికైనా నా కాళ్లమీద నేను వెళ్లాను. ముందు గేటు నుంచి అక్కడికే వెళ్లాలంటే మెయిన్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు చుట్టాలి. ఫుట్‌పాత్ లేదు. కంకర లారీలు చీర అంచుకు తగిలేలా పోతాయి. ఎవరిదో సైకిలు పోయిందని వెనక గేటుకు తాళం వేశారు. ఆరోజు నుంచి నేను ఆదివారం వీళ్లు కారెక్కించుకుని తిప్పితే తిరిగే మనిషినయ్యాను.

అప్పట్లో మా కమిటీ ఏడాదిలో ముగ్గురు అధ్యక్షులను మార్చింది. ఏ అధ్యక్షుడైనా గేటు సంగతి ఎత్తేలోపల ఆయన కింద కుర్చీ లాగేసేవారు. సాంఘికశాస్త్రం టీచరమ్మ ఉంది కదా, కొత్త నియమావళి రాసివ్వమని నన్ను అడిగారు. నేను ఉత్సాహంగా రాశాను. అధ్యక్షుణ్ణి ఫ్లాట్ల వాళ్లందరూ నేరుగా ఎన్నుకోవాలి. ఎవరికీ సగానికి పైగా రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ ఎన్నిక, కొన్ని దేశాల్లో ఉన్నట్టు. గడువు రెండేళ్లు. దొంగ సంతకాల్లాంటి నేరం రుజువైతే తప్ప దింపకూడదు. కమిటీ తీర్మానాన్ని అధ్యక్షుడు వీటో చేయవచ్చు. వీటోను కొట్టేయాలంటే కమిటీలో మూడింట రెండు వంతుల మంది మళ్లీ అవునని ఓటేయాలి. ఎవరు ఎటు వేశారో పేరు పేరునా పుస్తకంలో ఎక్కించాలి. రాష్ట్రాలవారీగా లెక్కపెట్టే అమెరికా పద్ధతి మాత్రం తీసుకోలేదు. పోయినేడు అక్కడ దేశం మొత్తమ్మీద ఎక్కువ ఓట్లు వచ్చినాయన ఓడిపోయాడని నువ్వూ పేపర్లో చదివే ఉంటావు. మా మూడు బ్లాకులకు అంత వేదాంతం వద్దనుకున్నాను.

ముగ్గురు నిలబడ్డారు. బి బ్లాకు నాగరాజుగారు మూడు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగాయన. "వెనక గేటు తీయించేది నా పూచీ అమ్మా, మీరేం యోచన చేయొద్దండి" అన్నాడు. నేను ఆయన కోసం అన్ని అంతస్తులూ ఎక్కాను. రెండో ఎన్నికలో గెలిచాడు. ఆ మరుసటి వారం నుంచి నేను కనబడితే లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కుతున్నాడు. ఆ వయసులో ఆయనకు మంచి వ్యాయామమే.

తొమ్మండుగురున్న కమిటీ గేటు తెరవాలని తీర్మానం చేసింది. ఆరుగురు చేతులెత్తారు. మా బ్లాకు సభ్యుడు శ్రీధరే, వాడూ ఎత్తాడు. నేను చూస్తున్నానా లేదా అని ఒకసారి నావైపు చూసి మరీ ఎత్తాడు. నాగరాజుగారు వీటో చేశాడు. వెళ్లి అడిగాను.

"ఏం చేసేదమ్మా, సెక్యూరిటీ సమస్య ఉండాది కదా. ఎవురెవురో లోపలికి వస్తా ఉండారు."

"ఓట్లు అడిగేటప్పుడు ఈ ఎవురెవురో లేరా?"

"అప్పుడు నేను అధ్యక్షుణ్ణి కాదు కదమ్మా."

జవాబు బాగానే ఉంది. మాట తప్పడం నేరమని నా నియమావళిలో ఎక్కడా లేదు. మా పనిమనిషి మునియమ్మ వర్తూరు వైపు నుంచి వస్తుంది, గేటు మూశాక రోజూ చుట్టు తిరగాలి. సంగతంతా విని, "ఏందమ్మా ఇది, మీరు రాసిన కాగితం మిమ్మల్నే కట్టేసి పెట్నాదే" అంది. నాకంటే సారాంశం బాగా రాస్తుంది.

ఆయన చేసినదానికి నాకు నిద్ర పట్టకపోలేదు. ఓట్లడిగేవాళ్లను చాలామందిని చూశాను. పైగా ఆరుగురూ మళ్లీ చేతులెత్తితే వీటో పోతుంది. పోయిన ఆదివారం పొద్దున ఆ ఓటింగు. జలుబు చేసి నేను వెళ్లలేదు. శ్రీధర్ తిరిగొచ్చి, "ఒక్క ఓటు తగ్గిందమ్మా, ఐదే వచ్చాయి" అని ఉప్మా ముందు కూర్చున్నాడు. వాడి మొహం చూసి నేనే ఓదార్చాను. "పోనీలే నాన్నా, నువ్వు చేయగలిగింది చేశావు" అన్నాను. వాడు "ఊఁ" అని ఇంకాస్త చట్నీ వేయించుకున్నాడు.

నా దస్తూరి బాగుంటుందని సమావేశం వివరాలు పుస్తకంలోకి ఎత్తే పని నాకే ఇస్తారు. మంగళవారం ఆ చిత్తు కాగితం వచ్చింది. అవునన్నవారు ఐదుగురు. కాదన్నవారు నలుగురు. నాలుగో పేరు శ్రీధర్‌ది. పేర్లు రాయాలన్న నిబంధన పెట్టకపోతే ఈ జన్మకు నాకు తెలిసేది కాదు. అక్షరం చెదరకుండా ఎత్తి రాశాను రామ్మూర్తీ. ఆ తర్వాత కలం మూత పెట్టడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం వాడు వచ్చాక పుస్తకం ముందు పెట్టాను.

"నువ్వు ఒక్కదానివే ఆ మట్టిదారిలో పడితే ఎవరు చూస్తారమ్మా? మేం ఆఫీసులో ఉంటాం" అన్నాడు.

"మరి మొదటిసారి ఎందుకెత్తావు చెయ్యి?"

"ఎలాగూ ఆయన వీటో చేస్తాడని తెలుసు."

"నా ఉప్మా తింటూ ఒక్క ఓటు తగ్గిందని చెప్పావే, ఆ ఓటు ఎవరిదో చెప్పడానికి నోరు రాలేదా?"

లత, "అత్తయ్యా, ఆయన మీ మంచికే..." అనబోయింది.

"నాగరాజుగారూ మన మంచికే అన్నాడమ్మా. ఆయనకు రెండేళ్ల గడువైనా ఉంది. వీడికి నేను గడువు రాయలేదు" అన్నాను.

వాడు తల వంచుకుని లోపలికి వెళ్లాడు. నాకు కోపమని రాస్తే అబద్ధం. ఇంతమందిలో ఒక్క చేయి మాత్రం నాదే అనుకున్నాను, ఆ లెక్క తప్పింది. ఇక గేటు తెరవమని ఎవరినీ అడగదలుచుకోలేదు. గురువారం మెయిన్ రోడ్డు మీదుగానే చుట్టూ నడిచి అంగడికి వెళ్లాను. వెళ్లడానికి గంట పట్టింది. వచ్చేటప్పుడు చెప్పు తెగితే చేత్తో పట్టుకుని ముందు గేటులోంచే లోపలికి వచ్చాను. నాగరాజుగారు చూసి మెట్లెక్కాడు.

శ్రీధర్ ఆదివారం నీకు ఫోన్ చేస్తాడు. నువ్వుగా ఈ సంగతి ఎత్తకు. వాడే చెబుతాడేమో చూద్దాం. పిన్నికి నా బదులు పాదాలు తాకి నమస్కారం పెట్టి, నాకూ రెండు దీవెనలు అడిగి తీసుకో. మరదలికీ పిల్లలకూ ఆశీస్సులు. నా ఒంట్లో బాగానే ఉంది, నిజంగానే బాగుంది.

ఇట్లు, నీ మేలు కోరే
అక్క సుభద్ర

మరిచాను. కవరులో మడిచిపెట్టిన కాగితం నా కుడి పాదం కొలత, పెన్సిలుతో గీశాను. మదనపల్లెలో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి నువ్వే వెళ్లు, ఎవరినీ పంపకు. కింద టైరు ముక్క వేయించు. మడమ వెనక పట్టీ ఉండాలి. గీతకు బయట అర అంగుళం వదలమను, సాయంత్రానికి కాళ్లు వాస్తాయి. జత తయారుకాగానే రిజిస్టర్డ్ పార్సెల్ చెయ్యి. పైన నా పేరే రాయి, కేరాఫ్ శ్రీధర్ అని రాయొద్దు. సంతకం పెట్టి నేనే తీసుకుంటాను.